బెజవాడ కొండ చుట్టూ

కిందటి వేసవిలో మా తమ్ముడూ, మరదలూ, వాళ్ళ పిల్లలిద్దరూ ఇటలీ వెళ్ళి, మధ్యధరా సముద్రపుటొడ్డున కొండదారుల వెంట నాలుగు రోజులు నడిచి వచ్చారు. ఆ చోటి పేరు చింక్వె తెర్రె. ఐదు నేలలు అని అర్థమట. సముద్రంలోకి నిటారుగా దిగే కొండలు, వాటి చరియలకు పిచ్చుకగూళ్ళలా అతుక్కున్న ఐదు పల్లెలు, ఒక పల్లెకూ మరో పల్లెకూ మధ్య కాలిబాట. తిరిగొచ్చాక మా యింట్లో కూర్చుని వాళ్ళు ఫోటోలు చూపిస్తుంటే, మా అమ్మాయి నిట్టూర్చి, "మనూళ్ళో ఇట్లా అందరం కలిసి నడవడానికి ఏమీ లేదు కదా నాన్నా" అంది.

వన్ టౌన్‌లో పుట్టి, బ్రాహ్మణవీధి మలుపుల్లో సైకిలు నేర్చుకుని, ఏ డాబా ఎక్కినా కొండే కనబడే చోట యాభై ఏళ్ళు గడిపినవాణ్ణి. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ పిల్ల తప్పు లేదు. కొండను మేము గోడలాగా చూశాము గాని దారిలాగా చూపించలేదు. ఆ లోటు తీర్చుకుందామని మొదలుపెట్టిన రెండు ఆదివారాల నడక ఇది. చరిత్ర అనుకోకుండా వెంట వచ్చింది.

ముందుగా ఒక మాట. మన కృష్ణా తీరంలో సముద్రం దగ్గర కొండలుండవు. బందరులో, హంసలదీవిలో కడలి మెత్తగా, బురదగా, మడచెట్ల మధ్యనుంచి వస్తుంది. (విశాఖవారు నవ్వుకోవచ్చు, వాళ్ళ సంగతి వేరు.) కొండ నీళ్ళ అంచు దాకా దిగిన చోటు కావాలంటే సముద్రం దగ్గర కాదు, పైకి రావాలి, బెజవాడ దాకా. ఉత్తరాన ఇంద్రకీలాద్రి, దక్షిణాన సీతానగరం కొండ, నడుమ కృష్ణ. డెల్టా మొదలయ్యేదీ, తూర్పు కనుమల తునకలు ముగిసేదీ ఈ ఇరుకులోనే. కృష్ణమ్మ దారి కోసం కొండకు బెజ్జం చేసుకుందనీ, అందుకే బెజ్జంవాడ, బెజవాడ అయిందనీ మా బామ్మ చెప్పేది. భాషావేత్తలు ఒప్పుకుంటారో లేదో గాని, బ్యారేజీ మీద నిలబడి ఆ రెండు కొండల్నీ చూసినవాడెవడూ బామ్మ మాట కాదనలేడు.

మొదటి ఆదివారం గిరిప్రదక్షిణ అనుకున్నాము. దాదాపు 7 కిలోమీటర్లు. పర్వతారోహణ శిక్షణా వద్దు, ప్రత్యేకమైన బూట్లూ వద్దు. డెబ్భై ఆరేళ్ళ మా అమ్మ, పన్నెండేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ అబ్బాయి, మా ఆవిడ, నేను. అమ్మ చెప్పులు వద్దంది. మేము ఆమె మాట సగం విని, చెప్పులు సంచీలో వేసుకున్నాము. తెల్లవారుజామున అయిదింటికి ఘాట్‌రోడ్డు మొదట్లో కొబ్బరికాయ కొట్టి, కొండను కుడిచేతి వైపు ఉంచుకుని పడమటికి బయలుదేరాము. ఎడమన కృష్ణ.

కొబ్బరిచిప్ప మా అబ్బాయి చేతిలోంచి కోతి లాక్కుపోయింది. వాడు ఏడవబోయి, నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడిపోయాడు. నాకు మాత్రం హ్యుయన్‌త్సాంగ్ గుర్తొచ్చాడు.

ఆ చీనా యాత్రికుడు 639 ప్రాంతంలో ధనకటక దేశానికి వచ్చాడు. రాజధానికి తూర్పున ఒక కొండ మీద పూర్వశైల విహారం, పడమట మరో కొండ మీద అపరశైల విహారం ఉన్నాయని రాశాడు. ఒకప్పటి రాజు కొండను తొలిపించి, దారి వేయించి, వసారాలు కట్టించాడట. వేలాది భిక్షువులు, గృహస్థులు అక్కడ వర్షాకాలం గడిపేవారట. తాను వచ్చేనాటికి మాత్రం అవి పాడుపడి ఉన్నాయని, కారణం కూడా చెప్పాడు. కొండదేవత ఒకసారి తోడేలుగా, ఒకసారి కోతిగా రూపం మార్చుకుని దారిన పోయేవారిని హడలగొట్టిందట, అందుకని జనం రావడం మానేశారట! బౌద్ధం క్షీణించడానికి చరిత్రకారులు చెప్పే కారణాలు నేనూ చదివాను. కానీ చేతిలో చిప్ప పోయిన పిల్లవాడి మొహం చూశాక, ఆ కోతి కారణాన్ని పూర్తిగా కొట్టిపారేయడానికి మనసొప్పలేదు.

ఆ రాజధాని ఏదన్న దానిమీద 19వ శతాబ్దంలో పెద్ద వాదమే నడిచింది. భారతీయ వాస్తుచరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గుసన్, అది బెజవాడే, ఆ రెండు కొండలూ ఇవే అన్నాడు. ఇక్కడ ఉద్యోగం చేస్తూ 1877లో అమరావతి స్తూపాన్ని తవ్వించిన రాబర్ట్ సూయెల్ కూడా ఆ పక్షమే. విజయనగర చరిత్ర రాసిన ఆ సూయెలే ఈయన. చివరికి ధనకటకం అమరావతి పక్కనున్న ధరణికోటే అని పండితలోకం తేల్చింది. బెజవాడవాడిగా నాకు కొంచెం చిన్నతనంగానే ఉంది గాని, తీర్పు సబబే. ఓడిపోయిన పక్షం వాళ్ళ వల్ల మనకు ఒక మేలు జరిగింది. ఆ వాదం పేరు చెప్పి వాళ్ళు ఈ రాళ్ళను, గుహలను పట్టి పట్టి చూశారు.

అర్జునుడు తపస్సు చేసి పాశుపతం సంపాదించింది ఇక్కడేనని స్థలపురాణం. భారతంలోని ఇంద్రకీలం హిమాలయాల దారిలో ఉంటుంది, భారవి కూడా అక్కడే పెట్టాడు. ఈ సంగతి నేను అమ్మతో అనలేదు. ఏడు కిలోమీటర్లు కలిసి నడవాల్సిన మనిషితో మొదటి కిలోమీటరులోనే వాదం పెట్టుకోకూడదు.

కొండను తిరిగే పని ఇక్కడ ఎంత పాతదో తెలియదు గాని, కొండకు రావడం మాత్రం వెయ్యేళ్ళ కిందటి మాట అని రుజువుంది. బెజవాడ మల్లేశ్వరాలయంలో ఒక స్తంభం మీద చాళుక్య యుద్ధమల్లుడి శాసనం ఉంది. మధ్యాక్కరల్లో సాగిన తెలుగు పద్యాలు, నన్నయకు సుమారు ఒక శతాబ్దం ముందటివి. జయంతి రామయ్య పంతులుగారు దాన్ని పరిష్కరించి ప్రకటించారు. సాహిత్య విద్యార్థులు ఛందస్సు కోసం దాన్ని చదువుతారు. నాకు అందులోని కథ ఇష్టం. చేబ్రోలు కుమారస్వామి బెజవాడ జాతరకని వచ్చి, ఈ చోటు నచ్చి, ఇక్కడే ఉండిపోయాడట! ఆయనకు గుడీ మఠమూ కట్టించారు. దేవుడే జాతరకు ప్రయాణం చేసి వచ్చాడంటే, ఆయన వెనకాల గుంటూరు సీమ పల్లెల నుంచి ఎన్ని సంసారాలు పిల్లాజెల్లాతో, మూటాముల్లెతో కృష్ణ దాటి వచ్చి ఉండాలి! శాసనాలు రాజుల పేర్లు చెబుతాయి, చద్దిమూటల సంగతి చెప్పవు. కానీ చద్దిమూటలు లేకపోతే జాతర లేదు, జాతర లేకపోతే ఆ పద్యాలూ లేవు.

దసరాకూ, భవానీ దీక్షల విరమణకూ ఎర్రబట్టలు కట్టుకుని జిల్లాలు దాటి నడిచివచ్చే జనాన్ని చూసినవారికి ఆ దృశ్యం ఊహించడం కష్టం కాదు.

సరే, నడకకు వద్దాం. కుమ్మరిపాలెం సెంటరు దాకా ఏరు కనబడుతూ, మరుగవుతూ వస్తుంది. అక్కడ దారి ఉత్తరానికి తిరిగి విద్యాధరపురంలో పడుతుంది. మా అబ్బాయికి సొరంగం సంగతి తెలుసు. చిట్టినగర్ సొరంగంలో దూరితే కొండ అవతల తేలొచ్చు, సగం దూరం కలిసొస్తుంది. "సొరంగంలోంచి పోదాం నానమ్మా" అన్నాడు. "చుట్టూ తిరిగితే ప్రదక్షిణ, మధ్యలోంచి పోతే దొంగతనంరా నాన్నా" అంది అమ్మ. అందుకని సితార సెంటరు, కబేళా, పాలఫ్యాక్టరీ అన్నీ తిరిగాము. ఇక్కడ అందం ఏమీ లేదు. లారీలు, దుమ్ము, డ్రైనేజీ వాసన. ప్రయాణపు పత్రికల్లో ఈ ముక్క ఫోటో ఎవరూ వేయరు. దాచిపెట్టడం నాకూ ఇష్టం లేదు.

చిట్టినగర్ దాటి కొత్తపేటలోకి వచ్చాక కొండ మళ్ళీ కుడిపక్కన దగ్గరికొస్తుంది. ఇక్కడ అది రాయి కాదు, ఇళ్ళు. కింద నుంచి నడినెత్తి దాకా నీలం, గులాబి, పసుపు రంగుల ఇళ్ళు, నడుమ మనిషి వెడల్పు మెట్లదారులు. మా అమ్మాయి ఆగిపోయి, "బాబాయి ఫోటోల్లో ఉన్నది ఇదే కదా!" అంది.

నిజమే, అచ్చం అదే. చింక్వె తెర్రెలో కోర్నీలియా అన్న పల్లెకు రైలు దిగి చేరాలంటే దాదాపు 380 మెట్లు ఎక్కాలని తమ్ముడు ఆయాసపడుతూ చెప్పాడు. మా కొండ మీద అంతకు తక్కువ కాని మెట్లు, బిందెతో, గ్యాసుబండతో, పురిటికి వెళ్ళే మనిషితో ఎక్కి దిగేవాళ్ళున్నారు. వాళ్ళు దాన్ని విహారం అనరు.

ఈ ఇళ్ళు ఎట్లా వచ్చాయన్నది వన్ టౌన్ చరిత్రలో సగం. అది చెప్పాలంటే నీళ్ళ దగ్గర మొదలుపెట్టాలి.

1832-33 నందన కరువు గుంటూరు సీమను ఖాళీ చేసింది. పక్కన కృష్ణ పారుతుండగానే జనం ఆకలికి చచ్చిపోయారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఆలోచనల వెలుగులో, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ అనే ఇంజనీరు 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1855కి పూర్తి చేశాడు. దానికి రాయి దూరం నుంచి తేలేదు. రెండు ఒడ్డుల కొండల్నే తవ్వి ఏట్లో పోశారు. అంటే డెల్టాలో మనం తిన్న ప్రతి ముద్ద కిందా ఈ కొండల ముక్క ఒకటుంది. ఓర్ పేరు ఒక కొండకు పెట్టారు. రైల్వే స్టేషన్ పక్కన, తారాపేట పైన ఉన్నదాన్ని పెద్దవాళ్ళు ఓర్ కొండ అనేవారు. 1968 అక్టోబరు 6న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ అక్కడ 52 అడుగుల గాంధీ స్మారక స్తూపాన్ని ఆవిష్కరించారు. అప్పటినుంచి అది గాంధీ కొండ. పాత పేరు పోయినందుకు నాకు విచారం లేదు గాని, రాళ్ళు మోసిన కూలీల పేరు ఏ గుట్టకూ లేకపోవడం మాత్రం నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

ఆనకట్ట వెంట కాలవలు, కాలవల వెంట పడవలు, తర్వాత రైలు. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడ్డాక బెజవాడ కూడలి అయింది. సరుకు దిగే చోట హమాలీ కావాలి. హమాలీ మార్కెట్టుకు దగ్గరగా ఉండాలి, తెల్లవారుజామున మూడింటికి పని. పల్లంలో వ్యాపారుల మేడలు, గోదాములు, గుళ్ళు, మసీదులు అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. మిగిలింది పైకి పోవడమే. చదును చేసిన ప్రతి అరుగూ కొండను కొంచెం కోసింది. తవ్విన రాయిని కొందరు ఆనకట్టకూ, కొందరు మేడలకూ వాడుకున్నాక, ఆ తవ్విన గుంటల అంచున పేదవాడు గుడిసె వేసుకున్నాడు.

తమ్ముడు చెప్పిన ఇంకో సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ ఐదు పల్లెల్లో రియోమజ్జోరే నుంచి మనరోలా దాకా ‘ప్రేమబాట’ అని కిలోమీటరు లోపు దారి ఉంది. రైలు సొరంగం పని జరిగే రోజుల్లో ఆ పని కోసమే పుట్టిన దారి. 2012 సెప్టెంబరులో కొండచరియ విరిగి పడి నలుగురు యాత్రికులు గాయపడ్డారు, దారి మూసేశారు. మళ్ళీ తెరిచింది 2024లో, పన్నెండేళ్ళకు! అంతకు ముందు 2011 అక్టోబరులో కుండపోత వానకు వెర్నాజా, మొంతెరోస్సో బురదలో కూరుకుపోయాయి. అక్కడివాళ్ళు చెప్పే కారణాల్లో ఒకటి నాకు ఆశ్చర్యం కలిగించింది. ద్రాక్షతోటల కోసం పూర్వులు సున్నం లేకుండా పేర్చిన రాతిగట్లను చూసుకునేవారు లేరు. యువకులు కొండ దిగి పట్నాలకు పోయారు. గట్టు చెడితే చరియ జారుతుంది.

అక్కడ మనుషులు దిగిపోయి కొండ జారుతోంది. ఇక్కడ మనుషులు ఎక్కి జారుతోంది. 2020 అక్టోబరు 21న, దసరాల్లో మూలానక్షత్రం నాడు, ముఖ్యమంత్రి రాకకు కాసేపటి ముందు ఇంద్రకీలాద్రి మీద చరియ విరిగి పడింది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండ జారి ప్రాణాలే పోయాయి. ఆ రాత్రే బుడమేరు పొంగి ఊళ్ళో సగం మునిగింది. మర్నాటి నుంచి బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల దాకా ప్రవాహం వచ్చింది, 2009 వరదను మించిపోయింది. దుర్గమ్మ ముక్కుపుడకను కృష్ణమ్మ తాకుతుందన్న బ్రహ్మంగారి మాట ఆ రెండు రోజులూ మా వీధిలో అందరి నోటా విన్నాను. పల్లంలో ఉన్నవాడు నీటికి, మెరకన ఉన్నవాడు రాతికి భయపడిన రాత్రి అది.

రెండో ఆదివారం కథ త్వరగా చెప్పేస్తాను. కొండ అడుగున అక్కన్న మాదన్నల గుహలు చూశాము. గోలకొండ మంత్రులు ఆ అన్నదమ్ములిద్దరూ 1686లో హత్యకు గురయ్యారు. గుహలు వాళ్ళకంటే వెయ్యేళ్ళు పెద్దవి. పేరు మాత్రం వాళ్ళది. అక్కడినుంచి బ్యారేజీ. ఓర్ కట్టిన ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని స్థానంలో 1957లో కొత్తది వచ్చింది, అదే ఏడు కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 1223 మీటర్ల పొడుగు, డెబ్భై గేట్లు. నీళ్ళ మీద నడిచే ఆ కిలోమీటరుంపావు పిల్లలకు నచ్చినంతగా ఇంకేదీ నచ్చలేదు. గేట్లు లెక్కపెట్టారు. అమ్మ ఈసారి ఆటోలో ముందే సీతానగరం చేరి, మమ్మల్ని చూసి గెలిచినట్టు నవ్వింది.

ఉండవల్లి గుహలకు ఎదురుగా పొలాలు, వెనక కొండ, కొండలోనే నాలుగంతస్తుల ఇల్లు. లోపల అయిదు మీటర్లు దాటిన అనంతశయనుడు. రాజధానికి దక్షిణాన ఒక పెద్ద కొండచరియ లోపలికి భావవివేకుడనే ఆచార్యుడు వెళ్ళిపోయి, మైత్రేయ బుద్ధుడు వచ్చేదాకా అక్కడే ఎదురుచూస్తున్నాడని హ్యుయన్‌త్సాంగ్ రాశాడు. బెజవాడ దక్షిణపు కొండ ఇదే కదా అని నాకు ఆశ పుట్టింది. ఓడిపోయిన వాదమని తెలుసు. అయినా పిల్లలకు ఆ కథ అక్కడే చెప్పాను. మా అమ్మాయి రాతికి చెవి ఆనించి విన్నది.

ఇక కొత్తపేట దగ్గర ఆపిన మొదటి ఆదివారానికి మళ్ళీ వెళతాను, అక్కడ చెప్పని ముక్క ఒకటుంది. అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. ఒక మెట్లదారి మొదట కూలబడింది. పై నుంచి రెండు బిందెలతో కుళాయికి దిగుతున్న ఆవిడ చూసి ఆగి, బిందెలు కింద పెట్టి, పక్కింట్లోంచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "ప్రదచ్చిణమా పెద్దమ్మగారూ? ఎండెక్కకముందే పోవాలండి" అంది.

అమ్మ ఆవిణ్ణి ఇల్లెక్కడని అడిగింది. ఆవిడ వేలెత్తి చూపించింది, పైన, దాదాపు చివర, కొండకు ఆనుకున్న నీలం ఇల్లు. ఆ వానల రాత్రి ఏం చేశారని నేనడిగాను. వెనక రాయి కదిలిన చప్పుడైతే పిల్లల్ని తీసుకుని బడిలోకి దిగిపోయారట. రెండు రోజులుండి మళ్ళీ ఎక్కేశారట. "కింద గదికి అద్దె ఎవరిస్తారండీ? మా ఆయన మార్కెట్లో మూట మోస్తాడు. ఇక్కడైతే నడిచే పోతాడు" అంది.

మా అమ్మాయి అప్పటికే మెట్లెక్కడం మొదలుపెట్టింది, లెక్కపెట్టుకుంటూ. నూటపన్నెండు దగ్గర ఎవరింటి కుక్కో అడ్డమొచ్చి లెక్క తప్పిందని దిగి వచ్చింది. "నూట నలభై మూడు తల్లీ, మా గుమ్మం దాకా" అని చెప్పి, ఆవిడ బిందెలెత్తుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది.